గెడకు అంటిన మట్టి

మా తాతయ్యకు అక్షరం ముక్క రాదు. కానీ కొల్లేట్లో దోనె నడుపుతూ గెడ పైకి తీసిన ప్రతిసారీ దాని చివర అంటిన మట్టిని ఓ క్షణం చూసేవాడు. నల్లగా, కుళ్లిన గడ్డి వాసనతో వస్తే "ఇక్కడ మొన్నమొన్నటిదాకా కిక్కిస ఉండేదిరా" అనేవాడు. బూడిదరంగులో, జిగురుగా వేలికి అంటుకుంటే "ఇది తమ్మిలేరు మోసుకొచ్చిన ఒండ్రు" అనేవాడు. గెడ దిగకుండా టక్కున ఆగితే మాత్రం నవ్వేవాడు. "గుల్ల తగిలింది. సముద్రపు గుల్ల."

నేనప్పుడు ఆరో తరగతి. కొల్లేరు మంచినీటి సరస్సు అని పాఠంలో బట్టీ పట్టినవాణ్ని. మంచినీటి అడుగున సముద్రపు గుల్ల ఏమిటి? తాతయ్య ఊరికే అంటున్నాడనుకున్నాను. తర్వాత ఒక ఎండాకాలం సరస్సు బాగా ఎండిపోయి లంకలో తాగునీటికి కటకట వచ్చింది. ఇంటి వెనక గొయ్యి తవ్వారు. పైన మూరెడు మందాన వేళ్లతో అల్లుకుపోయిన నల్లమట్టి. దాని కింద మనిషి ఛాతీ లోతు దాకా బూడిదరంగు బంక, పారకు అతుక్కుని రాదు. ఆ కింద నీలం కలిసిన నల్లటి అడుసు. చివరికి సన్నటి ఇసుక, అందులో విరిగిన ఆల్చిప్పలు. గోతిలో దిగిన మనిషి ఒక చిప్ప పైకి విసిరాడు. నా అరచేతి కంటే పెద్దది. పడిన నీళ్లు ఉప్పగా ఉన్నాయి.

"సముద్రం ఇక్కడిదాకా ఎప్పుడొచ్చింది తాతయ్యా?" అని అడిగాను.

"అది మన దగ్గరికి రాలేదురా అబ్బాయ్. మనమే దాని పెరట్లో ఇల్లు కట్టుకున్నాం" అన్నాడు.

ఆ మాట పట్టుకునే నేను భూగోళం చదివాను, ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కళాశాలలో అదే పాఠం చెప్పి రిటైరయ్యాను. తాతయ్య అన్నది అక్షరాలా నిజమని తెలుసుకోవడానికే అందులో సగం కాలం పట్టింది.

ఇరవై వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరినప్పుడు, సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందకు ఉండేది. మంచు కరిగేకొద్దీ సముద్రం లేచింది. ఏడు వేల ఏళ్ల కిందటికి ఆ లేవడం నెమ్మదించింది. అప్పటి తీరం ఈనాటి కొల్లేరు అంచున ఉంది. ఆ తర్వాత కృష్ణ ఒక పక్క, గోదావరి ఒక పక్క మట్టి తెచ్చి సముద్రాన్ని వెనక్కి నెట్టాయి. రెండు డెల్టాలూ రెండు భుజాల్లా ముందుకు పెరిగితే, మధ్యలో గొంతు దగ్గర పల్లం మిగిలిపోయింది. అలలు పోసిన ఇసుక దిబ్బలు దాని నోరు మూశాయి. మొదట ఉప్పునీటి కయ్య, తర్వాత చప్పనీళ్లు, చివరికి మంచినీళ్లు. అదే కొల్లేరు. ఇప్పుడు సముద్రం అక్కడికి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరం. పాత బంధుత్వానికి గుర్తుగా ఉప్పుటేరు ఒక్కటి మిగిలింది. పేరులోనే ఉప్పు ఉంది.

సరస్సు అడుగు ఎలా పెరుగుతుందో వంటింట్లోనే చూడొచ్చు. కడిగిన బియ్యం నీళ్లు గిన్నెలో కదపకుండా ఉంచితే తెల్లారేసరికి అడుగున పొర కడుతుంది. ఏటా వర్షాకాలంలో ఏరు తెచ్చిన ముతక మట్టి ముందు దిగుతుంది. వాన తగ్గాక సన్నటి రేణువులు, రాలిన ఆకులు, చచ్చిన నాచు, గట్టున పూసిన పూల పుప్పొడి, ఎక్కడో తగలబెట్టిన పొలం మసి నెమ్మదిగా దాని మీద పరుచుకుంటాయి. మళ్లీ వాన, మళ్లీ పొర. అయితే పొర పొరగా నిలవాలంటే అడుగు కదలకూడదు. గాలివానకు అడుగు కలగని లోతైనా ఉండాలి, ప్రాణవాయువు లేక పురుగులు బతకని అడుగైనా ఉండాలి. లేదంటే పురుగులే పొరల్ని కుమ్మేస్తాయి.

ఈ లెక్కను మొదట పట్టుకున్నవాళ్లు స్వీడన్ వాళ్లు. జెరార్డ్ డి గీర్ అనే భూశాస్త్రవేత్త మంచు కరిగిన నీళ్లు నిలిచిన పాత సరస్సుల మట్టిలో ఏడాదికో జత పొర ఉందని గమనించి, చెట్టు కాండంలో వలయాలు లెక్కపెట్టినట్టు వాటిని లెక్కపెట్టాడు. అదే దేశానికి చెందిన లెనార్ట్ వాన్ పోస్ట్ 1916లో ఒక సభలో పుప్పొడి లెక్క చెప్పాడు. ఏ లోతులో ఏ చెట్టు పుప్పొడి ఎంత ఉందో లెక్కిస్తే ఆనాటి అడవి కళ్లకు కడుతుందన్నాడు. జపాన్‌లో సుయిగెత్సు అనే సరస్సు ఉంది. దాని అడుగున వేల వేల ఏళ్ల పొరలు చెదరకుండా ఉన్నాయి. ప్రపంచమంతా కర్బన కాలనిర్ణయానికి వాడే పట్టికను సరిదిద్దడానికి ఆ సరస్సు మట్టిలోని ఆకులు పనికొచ్చాయి. ఆ మట్టిని చూపించడానికి 2018లో అక్కడ ఒక మ్యూజియమే తెరిచారు.

మన దేశంలో ఈ విద్యకు ఇల్లు లక్నో. బీర్బల్ సాహ్ని 1946లో అక్కడ పురావృక్షశాస్త్ర సంస్థను స్థాపించాడు. 1949 ఏప్రిల్ 3న నెహ్రూ దాని భవనానికి శంకుస్థాపన చేస్తే, వారం తిరక్కుండానే సాహ్ని కన్నుమూశాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ రిఫ్రెషర్ కోర్సుకు లక్నో వెళ్లినప్పుడు మొదటిసారి సూక్ష్మదర్శినిలో పుప్పొడి చూశాను. చెంచాడు మట్టిని ఆమ్లాల్లో ఉడికిస్తారు. ఇసుక కరిగిపోతుంది, సున్నం కరిగిపోతుంది. పుప్పొడి పైతొక్క మాత్రం కరగదు. గాజుపలక మీద బంగారు రంగులో గుండ్రటి గింజ, దానికి బొడ్డులా ఒకే ఒక రంధ్రం. "ఇది గడ్డి. వరీ గడ్డే, దర్భా గడ్డే, మీ ఊళ్లో కిక్కిసా గడ్డే. పెద్ద సైజైతే పండించిన ధాన్యమేమో అని అనుమానించాలి" అన్నారు చూపించినాయన. రోజంతా కుర్చీలో కూర్చుని ఒక్కో పలక మీద వందల గింజలు లెక్కపెట్టాలి. మెడ పట్టేస్తుంది. వానల చరిత్ర రాయడం అంటే సగం మెడనొప్పే అని అప్పుడే తెలిసింది.

ఆ సంస్థ నుంచి వచ్చిన గుర్దీప్ సింగ్ 1970ల మొదట్లో రాజస్థాన్ ఉప్పు సరస్సులు సాంభర్, డీడ్వానా, లూణ్‌కరణ్‌సర్‌ల మట్టి పరీక్షించాడు. ఇప్పుడు ఇసుక తప్ప కనిపించని చోట ఒకప్పుడు మంచి వానలు పడ్డాయని పుప్పొడి చెప్పింది. హరప్పా నగరాల ఎదుగుదలకు ఆ వానలు, పతనానికి వాటి కరువు కారణం కావచ్చని ఆయన వాదించాడు. పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కిన వాదమది. కానీ 1999లో వేరే బృందం లూణ్‌కరణ్‌సర్ మట్టికి మరింత జాగ్రత్తగా కాలం కట్టి చూస్తే, నగరాలు వికసించడానికి వందల ఏళ్ల ముందే ఆ సరస్సు ఎండిపోయిందని తేలింది. అంటే ఆ జనం ఎండు రోజుల్లోనే నగరాలు కట్టారు. 2014లో హర్యానాలోని కోట్లా దహర్ అనే ఎండిపోయిన మడుగులో నత్తగుల్లల్ని పరీక్షించినవాళ్లు, సుమారు 4,100 ఏళ్ల కిందట ఋతుపవనం ఒక్కసారిగా బలహీనపడిందని చెప్పారు. ఒక సరస్సు ఒక మాట చెబితే మరో సరస్సు దాన్ని సవరించింది. నాకు ఈ విద్య మీద నమ్మకం కుదిరింది అక్కడే. పంచాయతీలో సాక్షులు ఒకరినొకరు సవరించుకుంటేనే కదా తీర్పు నిలుస్తుంది!

ఇక లోనార్ సరస్సు సంగతి. దాన్ని చూడాలని పాతికేళ్లు అనుకుని, రిటైరయ్యాక ఒక చలికాలం వెళ్లాను. మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లా. ఒకప్పుడు నిజాం ఏలుబడిలోని బేరారు సీమ. 1853లో ఆ సీమ ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. నల్లరాతి పీఠభూమిలో ఆకాశం నుంచి పడిన రాయి చేసిన గుంట అది. వ్యాసం 1.8 కిలోమీటర్లు. ఎప్పుడు పడిందో ఇంకా తెగలేదు. ఒక పద్ధతి యాభై రెండు వేల ఏళ్లంటే, మరో పద్ధతి అయిదు లక్షల డెబ్భై వేలంటుంది. గట్టు మీద నుంచి మెట్లు దిగుతుంటే చల్లటి చెట్ల నీడ, నెమళ్ల అరుపులు. అడుగుకు చేరేసరికి ముక్కు పట్టుకోవలసిన వాసన. నీళ్లు చేత్తో తీసుకుంటే సబ్బు నురుగులా జారుతాయి. అంత క్షారం. లోపలికి వాన వస్తుంది, ఊటలు వస్తాయి. బయటికి పోయే దారి మాత్రం లేదు, ఎండకు ఆవిరి కావడమే. 2020 జూన్‌లో ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరిగి పేపర్లకెక్కాయి. ఉప్పు ముదిరినప్పుడు బతికే సూక్ష్మజీవుల పని అది. అదే ఏడు రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలోనూ చేరింది.

2008లో జర్మనీ, భారత్ శాస్త్రవేత్తలు ఆ నీటి మీద తెప్ప కట్టుకుని, గొట్టం దించి, పది మీటర్ల మట్టిస్తంభం పైకి తీశారు. తాతయ్య గెడ చేసిన పనే. గెడ కొసకు అంటిన మట్టిని కడిగేస్తాం, గొట్టంలోని మట్టి చెదరకుండా వస్తుంది. ఆ పది మీటర్లలో సుమారు పదకొండు వేల ఏళ్లున్నాయి. అంటే సగటున ఏడాదికి మిల్లీమీటరు మందం కూడా పడలేదు. రెండు బొటనవేళ్ల గోళ్ల వెడల్పులో ఒక మనిషి ఉద్యోగకాలం మొదటి జీతం నుంచి పింఛను దాకా ఇరికిపోతుంది.

ఆ మట్టిలో ఒక సాక్షి గురించి కాస్త ఆగి చెప్పాలి. దాని పేరు గేలుసైట్. గే-లుసాక్ అనే ఫ్రెంచి రసాయనవేత్త పేరు మీద పెట్టారు. సోడియం, కాల్షియం కార్బనేట్లు నీటితో కలిసి కట్టిన స్ఫటికం. నీళ్లు పుష్కలంగా ఉంటే అది కట్టదు. సరస్సు కుంచించుకుపోయి, ఉప్పు చిక్కబడి, ఇంకా ఇంకా ఆవిరైతేనే కడుతుంది. మన ఇళ్లలో బెల్లం పాకం ముదిరితేనే గిన్నె అంచున పలుకులు కట్టినట్టు. కాబట్టి మట్టిస్తంభంలో గేలుసైట్ పలుకులు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎండుకాలం అని రాసుకోవచ్చు. అలా రెండు చోట్ల కనిపించాయి. ఒకటి 4,600 నుంచి 3,900 ఏళ్ల కిందటి పొరల్లో. రెండోది 2,000 నుంచి 600 ఏళ్ల కిందటి పొరల్లో. పుప్పొడి, ఆకుల మైనం, రసాయన లెక్కలు కూడా వాటికి వంతపాడాయి.

రెండు మూడేళ్లు వాన కురవకపోతే మనం కరువంటాం. డొక్కల కరువు కథలు ముత్తాతల నోట విన్నాం. లోనార్ చెబుతున్న కరువులు వందల ఏళ్లవి. ఆ కాలమంతా చుక్క వాన లేదని కాదు. మంచి ఏళ్లు అరుదై, చెడ్డ ఏళ్లు మామూలైపోయి, ఆ కాలంలో పుట్టి గిట్టిన తరాలకు అదే వాతావరణమనిపించి ఉంటుంది. పూర్వం ఇంతకంటే బాగుండేదని చెప్పేవాళ్లు కూడా మిగిలి ఉండరు.

మరాఠీ ఊరి గుంటతో మనకేం పని అంటారేమో. బుల్ఢాణా జిల్లాలో పుట్టే పెన్‌గంగ వార్ధాలో కలిసి, ప్రాణహితై, గోదావరికి చేరుతుంది. లోనార్ మీద కురిసే ఋతుపవనమే మన రాజమండ్రి దగ్గర గోదావరిని ఎర్రబరుస్తుంది. ఆ గోదావరి సముద్రంలో కలిసే చోటా ఒక సాక్షి దొరికింది. 2006లో మన దేశం సముద్రగర్భంలో గ్యాస్ హైడ్రేట్ నిక్షేపాల కోసం జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు ఓడను రప్పించింది. వెతికింది ఇంధనం కోసమే అయినా, గోదావరి మొగకు ఎదురుగా లోతునీళ్లలో తీసిన ఒక మట్టిస్తంభం వేరే పనికి పనికొచ్చింది. నది తన పరీవాహకంలోని చెట్ల ఆకుల మైనాన్ని కూడా మట్టితో పాటు మోసుకొస్తుంది. అడవి చెట్ల ఆకుల్లోని కర్బనానికి, మెట్టసీమ గడ్డి కర్బనానికి గుర్తులో తేడా ఉంటుంది. ఆ తేడాను కొలిచి 2012లో చెప్పిన మాట ఇది: సుమారు 4,000 ఏళ్ల కిందట ఒకసారి, 1,700 ఏళ్ల కిందట మరోసారి గోదావరి సీమ మెట్టు మెట్టుగా ఎండుబారింది. చెట్టు తగ్గి గడ్డి పెరిగింది.

లోనార్ సరస్సు, బంగాళాఖాతం అడుగు. రెండింటికీ మధ్య వందల కోసుల దూరం. తీసిన ఓడలు వేరు, తెప్పలు వేరు, కొలిచిన పదార్థాలు వేరు. అయినా నాలుగు వేల ఏళ్ల దగ్గర ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఆ ఎండుకాలం ఒత్తిడే దక్కనులో జనాన్ని ఒకచోట స్థిరపడి సాగు చేసుకునేలా మళ్లించి ఉండొచ్చని గోదావరి మట్టిని పరీక్షించినవాళ్లు ఊహించారు. జొన్న, సజ్జ, ఉలవ తినే మన మెట్టసీమ తిండికి మూలం ఎక్కడో అక్కడుందేమోనని అన్నం ముందు కూర్చున్నప్పుడు నాకు అనిపిస్తుంటుంది. సాగు పెరిగిన కొద్దీ దక్కను నల్లరేగడి కోతపడి గోదావరి మొగకు చేరడమూ పెరిగిందని 2017లో అదే మట్టి నుంచి మరో మాట బయటపడింది. వాన తగ్గినా మట్టి పెరిగిందంటే, అది మనిషి నాగలి సంతకం.

ఈ లెక్కలన్నిటికీ కాలం ఎలా కడతారో పిల్లలు తప్పకుండా అడిగేవాళ్లు. చచ్చిన ఆకులో రేడియో కర్బనం 5,730 ఏళ్లకు సగమవుతుంది. మిగిలిందెంతో కొలిస్తే వయసు తెలుస్తుంది. దగ్గరి కాలానికి అది పనికిరాదు. ఇరవై రెండేళ్లకు సగమయ్యే సీసం-210 ఉంది, గత వందా నూటయాభై ఏళ్ల లెక్క దానిది. సీజియం-137 మనిషి పెట్టిన గుర్తు. అగ్రరాజ్యాలు ఆకాశంలో అణుబాంబులు పేల్చిన రోజుల్లో అది ప్రపంచమంతటా రాలింది. దాని శిఖరం 1963 అని రాసుకుంటారు. మోసపోయే చోట్లూ ఉన్నాయి. నీళ్లలో పెరిగే నత్త సున్నపురాతి పాత కర్బనాన్ని కూడా తింటుంది కాబట్టి, నిన్న చచ్చిన నత్త కూడా వందల ఏళ్ల ముసలిదానిలా అబద్ధం చెప్పగలదు. అందుకే గట్టున పెరిగిన చెట్టు ఆకో, గింజో, పుల్లో దొరికితే దాని సాక్ష్యానికే ఎక్కువ విలువ.

మళ్లీ కొల్లేటికి వస్తాను. మా సరస్సుకు రాతి మీద చరిత్ర ఉంది. రెండో పులకేశి విజయాలు చెప్పే ఐహోళె శాసనం 634 నాటిది. అందులో రక్తంతో ఎరుపెక్కిందని చెప్పిన కునాల జలం కొల్లేరే అంటారు చరిత్రకారులు. పక్కనే పెదవేగి, వేంగీ రాజుల రాజధాని. లోనార్ చెప్పిన రెండో ఎండుకాలం నడుమనే ఆ యుద్ధం జరిగింది. శాసనంలో ఎవరు గెలిచారో ఉంది. ఆ ఏడు వానలు పడ్డాయా, లంకల్లో జనం ఏం తిన్నారు అన్నది అందులో ఉండదు. అది రాసే అలవాటు రాళ్లకు లేదు, బురదకే ఉంది.

దగ్గరి కాలంలో మా బురదలో ఏమేం పడ్డాయో నేనే వరసగా చెప్పగలను. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. మూడేళ్లకు బెజవాడలో కృష్ణ ఆనకట్ట లేచింది. అప్పటినుంచి రెండు డెల్టాల పొలాల మురుగు కాలువలు కొల్లేటికి దారి చూసుకున్నాయి. తర్వాత ఎరువులు, పురుగుమందులు, ఊళ్ల మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు. 1980ల నుంచి చేపల చెరువుల మేత, పెంట. 1999లో అయిదో కాంటూరు అనే ఎత్తు గీత దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ఇళ్లల్లో ఎంత బురద నింపిందో అందరూ చూశారు. అక్కడ ఆగని బురద ఎక్కడికొచ్చిందో మా లంకల వాళ్లు చూశారు. ప్రతి దానికీ మా సరస్సు అడుగున ఒక పొర పడాలి. నూరేళ్ల తర్వాత ఎవరైనా గొట్టం దించితే చదువుకోవాలి.

చదువుకోలేరు. ఎందుకంటే ఆ పుటల్ని మేమే చింపేశాం.

మేమే అంటున్నది ఊరికే కాదు. మా మేనమామ కూడా చెరువు తవ్వించాడు. అప్పట్లో లంకల్లో తవ్వించని ఇల్లు లేదు. దాళ్వా వరి మునిగితే అప్పు, చేప పెరిగితే డాబా. ఎవర్ని తప్పుపట్టాలి? అమ్మ వాటాగా వచ్చిన లీజు డబ్బుతోనే నా ఇంటికి స్లాబు పడింది. పొక్లెయిన్ దిగిన రోజు నేనూ గట్టున నిలబడి చూశాను. తొట్టి ఒక్కసారి మునిగి లేస్తే మీటరు లోతు మట్టి. లోనార్ లెక్కన చూస్తే ఒక్క తొట్టెడులో వెయ్యేళ్లకు పైనే. ఆ తొట్టి పక్కకు తిరిగి గట్టు మీద బోర్లా పడింది. మూరెడు నల్లమట్టి అడుక్కి పోయింది, అడుగున ఉండాల్సిన నీలం అడుసు పైకొచ్చింది. సాయంత్రానికి గట్టు కొసన ఆల్చిప్పలు ఎండకు మెరుస్తున్నాయి. వాటి పక్కనే ఖాళీ మేత సంచులు. ఆరేడు వేల ఏళ్ల కిందటి సముద్రం, నిన్నటి తవుడు సంచి ఒకే వరసలో.

2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. నీటి దారికి అది మంచిదే. మట్టి మాత్రం మళ్లీ నీళ్లలోకి జారి, రెండోసారి కలగాపులగమైంది. అట్లకాడతో తిప్పిన పిండిలో పొరలు వెతికితే దొరుకుతాయా?

మట్టి తవ్వడమే తప్పని నేను అనను. తెలంగాణలో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసి రైతులు పొలాలకు తోలుకుంటుంటే సంతోషించాను. ఆ చెరువులు నీళ్ల కోసం మనిషి కట్టినవి. పూడిక తీయడం వాటికి వైద్యం, ఆ ఒండ్రు పొలానికి బలం. కొల్లేరు ఎవరూ కట్టింది కాదు. దాని అడుగు మళ్లీ పోసుకోలేం. లోనార్ ఇన్ని మాటలు చెప్పగలిగిందంటే అక్కడి శాస్త్రం గొప్పతనం సగమే. ఆ క్షారం నీళ్లలో చేపలు పెంచాలని, అడుగు దున్నాలని ఎవరికీ పుట్టకపోవడం మిగతా సగం. పనికిరాని నీళ్లు కాబట్టి మిగిలింది. మా కొల్లేరు మరీ పనికొచ్చేది కావడమే దాని పాపమైంది.

అయినా ఇంకా తవ్వని పల్లాలు ఉన్నాయి. కిక్కిస దట్టంగా అల్లుకున్న చోట్ల అడుగు ఇంకా పదిలంగా ఉండొచ్చు. ఆటపాక దగ్గర గూడబాతులకు ఎలా చోటు విడిచామో, అలాగే నాలుగైదు చోట్ల పది పదెకరాలు మట్టికి కూడా విడిచిపెట్టాలని సర్కారు వారికి నా విన్నపం. అక్కడ గట్టొద్దు, తవ్వకమొద్దు, వల ఈడ్చినా అడుగు కలగకుండా చూసుకోవాలి. ఖర్చు లేని రక్షణ అది.

లంకల్లో, సరస్సు చుట్టూ ఉన్న బెల్టు గ్రామాల్లో ఉన్న నా తమ్ముళ్లకూ ఒక మాట. కాంటూరు బయట మీ సొంత నేలలో రేపెప్పుడైనా బావికో, పునాదికో, చెరువుకో గొయ్యి తీస్తే, గోడ ఎండిపోకముందే ఒక్క ఫొటో తీయండి. పక్కన టేపు వేలాడదీయండి. ఏ లోతులో రంగు మారింది, ఎక్కడ ఇసుక తగిలింది, ఎక్కడ గుల్ల దొరికింది అన్నది ఒక కాగితం మీద రాసి, దగ్గర్లోని కాలేజీలో భూగోళమో భూగర్భశాస్త్రమో చెప్పే మాస్టారికి ఇవ్వండి. అరగంట పని. పొక్లెయిన్ డ్రైవరు టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.